అన్నకు కొన్న ఎండడబ్బా

మా బెల్లంపల్లి చిన్నమ్మ చెప్పే కథ వినని చుట్టం మాలో లేరు. పెళ్లిలో చెబుతుంది, పురుట్లో చెబుతుంది, ఎవరింట్లో పిల్లకు చీర కట్టిస్తున్నా ఒక మూల చాప మీద కూర్చుని, పక్కవాళ్ల మోకాలు తట్టి మరీ చెబుతుంది.

“సదువుకున్నదని నమ్ముతిమి. ఎండడబ్బా అట, ఏందో తెచ్చి అన్న చేతుల వెట్టింది. అక్కరకొచ్చే దినం అది సచ్చిపాయె. మా అక్క, కొడుకుతోని ఒక్క మాట, ఒక్క మాట అని కొట్టుకున్నది. మాట లేకుండనే పాయె.”

కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంది. తర్వాత లడ్డూ తింటుంది.

నేను ఎదురుగా ఉన్నా ఆపదు. పైగా నా వంక చూసి గొంతు పెంచుతుంది. నేనూ ఊరుకునే మనిషిని కాదు కాబట్టి, ప్రతి ఫంక్షన్‌లోనూ మా ఇద్దరికీ ఒక వాయిదా నడుస్తుంది. జనం ఆమె వైపే ఉంటారు. ఆమె ఏడుస్తూ చెబుతుంది, నేను వాదిస్తూ చెబుతాను. ఏడ్చేవాళ్లదే నిజమని మనవాళ్ల నమ్మకం.

ఆమె చెప్పేదాంట్లో అబద్ధం లేనివి రెండున్నాయి. మా అవ్వ, అమ్మను మేం అలాగే పిలుస్తాం, చివరి రోజున అన్నతో మాట్లాడాలని అడిగింది. అన్న ఫోను మోగలేదు. ఇంతవరకు ఒప్పుకుంటాను. ఫోను ఎందుకు మోగలేదన్న దగ్గర మాత్రం నాకూ చిన్నమ్మకూ పడదు. ఆరోజు ఆమె బెల్లంపల్లిలో ఉంది. మంచం పక్కన ఉన్నది నేను. ఆ తర్వాత అన్న ఉండే మెట్టభూమికి, మా చెలకకు, పోయి ఆ డబ్బాను చేతిలోకి తీసుకున్నదీ నేనే.

మా ఊరు ఓపెన్‌కాస్టు కింద పోయింది. గనిని వెడల్పు చేస్తూ వచ్చారు, ఊరు అడ్డమొచ్చింది. పైసలు తీసుకున్నవాళ్లు తీసుకుని పునరావాస కాలనీలో ఇండ్లు కట్టుకున్నారు. మనుషులు లేని ఊరికి కరెంటెందుకని తీగలు తీశారు, స్తంభాలు పీకారు. మిగిలింది మా అన్న ఒక్కడు. వదిన అప్పటికే చనిపోయింది, పిల్లలు లేరు. ఊరి చివర మా చెలకలో గుడిసె వేసుకుని, మేకలు కాసుకుంటూ ఉండిపోయాడు. ఒక పక్క గని గొయ్యి, ఇంకో పక్క ఆ గోతిలోంచి తీసిన మట్టిగుట్ట. రెండింటి మధ్య అన్న.

ఎందుకంటే, మా నాయిన బొంద ఆ చెలకలోనే ఉంది. బాయిలో, అంటే బొగ్గుగనిలో, పనిచేసి దిగిపోయాక నాయిన ఆ చెలకనే నమ్ముకుని బతికాడు, చనిపోతే అక్కడే పెట్టాం. అవ్వ మాత్రం దమ్ము జబ్బు వల్ల ఆ దుమ్ములో ఉండలేక, గోదావరిఖనిలో మా క్వార్టర్‌కు వచ్చేసింది. తాను వచ్చింది కానీ కొడుకును రానివ్వలేదు.

“నేను బతికున్నన్ని దినాలు మీ నాయిన కాడ దీపం ఆరొద్దు కొడుకా,” అంది. వాడు సరేనన్నాడు. ఇద్దరూ ఒక మాట మీద ఉండి, మధ్యలో నన్ను పిచ్చిదాన్ని చేశారు. ఇవాళ కాకపోతే రేపు మట్టికింద పోయే బొందకు బతికున్న మనిషిని కాపలా పెట్టడమేమిటి? అదే మాట అవ్వతో అన్నాను. “నీకు డిగ్రీ ఇచ్చిండ్రు గాని బుద్ధి ఇయ్యలే,” అంది.

గనిలో మందు పెట్టి పేలిస్తే మా క్వార్టర్‌లో గిన్నెలు గలగలమంటాయి. అన్నకది చెవి పక్కనే. పేల్చే ముందు సైరన్ వేస్తారు, ఎర్రజెండాలు కడతారు, నిజమే. అయినా ఓసారి పిడికిలంత రాయి గుడిసె కప్పులో దిగిందని వాడే నవ్వుతూ చెప్పాడు. అప్పటినుంచి పేలుడు వినగానే ఫోను కలిపేదాన్ని. సగంసార్లు స్విచ్ ఆఫ్. ఛార్జింగ్ కోసం ఫోనును మూలమలుపు దగ్గరి చాయ్ హోటల్లో ఇచ్చి వచ్చేవాడు. ఆ హోటల్ కూడా కాలనీకి తరలిపోయాక ఫోను ఉన్నా లేనట్టే. అలా ఒక వేసవిలో, స్కూల్లో పిల్లలకు సెలవులిచ్చిన వారం, మా ఆయనను వెంటబెట్టుకుని చౌరస్తా దగ్గరి కరెంటు సామాన్ల దుకాణానికి పోయాను.

“ఎండతోని ఫోన్‌కు ఛార్జింగ్ ఎక్కిచ్చేది ఉన్నదా?” అని అడిగితే, దుకాణమాయన నన్ను కిందికీ మీదికీ చూశాడు.

“క్వార్టర్ల ఉంటరు గదక్కా? మీకు కరెంటు పోతదా ఏంది?”

“మాకు గాదు. కరెంటు పోవుటానికి స్తంభమే లేనోనికి.”

మా ఆయన అందుకున్నాడు. ఆయన బాయిలో పని. “బొగ్గు తవ్వెటోని పెండ్లం ఎండ కొన్నదని తెలిస్తే నన్ను యూనియన్ల ఉంచరన్నా. జర సప్పుడు లేకుండ ఇయ్యి.”

మూడు రకాలు కౌంటర్ మీద పెట్టాడు. మొదటిది లాంతరు, దానికి ఎండ పట్టే పలకంత అద్దం ముక్క, చుట్టూ తెల్లటి అంచు, పొడుగు వైరు. రెండోది పుస్తకంలా మడిచే గుడ్డ సంచి, విప్పితే నాలుగు రేకులు. మూడోది అరచేతిలో పట్టే నల్ల డబ్బా, వీపున అద్దం, లోపలే బ్యాటరీ, తగిలించుకోవడానికి కొక్కెం.

నేను గుడ్డిగా కొన్నానని చిన్నమ్మ అంటుంది కాబట్టి చెబుతున్నాను. గుడ్డ సంచిలో బ్యాటరీ లేదు. ఎండ ఉన్నంతసేపే ఇస్తుంది, అంతసేపూ ఫోను దానికి అతుక్కుని ఎండలో మాడాలి. మా అన్న పొద్దంతా మేకల వెంట తిరుగుతాడు, ఫోను వాడి జేబులో ఉంటుంది. ఆ లెక్కన అది పనికిరాదు. పగలంతా ఎండను దాచుకుని, పొద్దు వాలాక ఫోనుకు పోసేది కావాలి. లాంతరుకు ఆ గుణం ఉంది, అద్దం పెద్దది, నింపడం కూడా జల్దీగా నింపుతుంది. కానీ ఆ వైరును మేకలు నమలకుండా వదులుతాయా? గని నుంచి ఒక్క రాయి ఎగిరొస్తే అంత అద్దం మిగులుతుందా? అన్న సన్నపిన్ను ఫోనుకు లాంతరు సరిపోదని, వేరే ముక్క తెప్పించాలని కూడా దుకాణమాయనే చెప్పాడు. నల్ల డబ్బాతో అన్ని పిన్నులూ వచ్చాయి.

“అద్దం చిన్నది గదన్నా,” అన్నాను.

“చిన్నదే. అందుకని నిమ్మళంగ నిండుతది. గాని మన రామగుండం ఎండకు ఏది నిండదక్కా? నెత్తి మీద గుడ్డు వెడితె ఆమ్లెట్ అయితది!”

ఇంకో కారణం ఉంది. దాన్ని నేను దుకాణంలో పైకి అనలేదు, అనాల్సిన పనీ లేదు. ఈ ఊళ్లో కాపురం చేసిన ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది, తెల్లది కొనొద్దని. పొద్దున తుడిచిన గచ్చు మధ్యాహ్నానికి అడుగుల గుర్తులు చూపిస్తుంది. ఆరేసిన తెల్ల లుంగీ మబ్బురంగులో లోపలికొస్తుంది. అందుకే మా పరదాలు ముదురు రంగు, మా స్కూటర్ కవర్లు నలుపు, పిల్లల బడిసంచులు నలుపు. నలుపైతే మసి కనబడదు. కనబడకపోతే తుడవక్కర్లేదు. తెల్ల అంచు లాంతరును చూడగానే నాకు దాన్ని రోజూ తుడవాల్సిన చెయ్యి కనబడింది, ఆ చెయ్యి మా అన్నది కాదని కూడా తెలుసు. నల్లదాన్నే పట్టుకున్నాను.

దుకాణమాయన మా ఆయన ఫోనుకు పిన్ను తగిలించి చూపించాడు. డబ్బా మీద పచ్చబుగ్గ, గింజంత దీపం, వెలిగింది, ఫోను కుయ్యిమంది. ముగ్గురం సంతోషపడ్డాం. ఆ డబ్బాలో ఉన్న కరెంటు దుకాణం గోడలోంచి ఎక్కించిందే కదా, ఎండలోంచి రాలేదు కదా అన్న ఆలోచన ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు. రాదు కూడా. గోడలో బొక్క ఉంటే అందులోంచి కరెంటు వస్తుందని, పుట్టినప్పటి నుంచి గాలిలాగా నమ్మినవాళ్లం.

ఆదివారం అన్న వచ్చాడు. ప్రతి ఆదివారం అవ్వను చూడ్డానికి వచ్చేవాడు, మేకపాలు తెచ్చేవాడు. డబ్బాను అటూ ఇటూ తిప్పి, “నా చెలకల ఎండ నాకే అమ్మిండ్రా?” అన్నాడు.

“అమ్మలే, డబ్బాల వోసిండ్రు,” అంది అవ్వ. “ఎండడబ్బా. మంచిగుంది. పైలం కొడుకా, మేకలకు వెట్టకు.”

ఆ పేరు అవ్వ పెట్టిందే. చిన్నమ్మ నోట్లో పడి తిట్టయింది గానీ, పుట్టినప్పుడు ముద్దుపేరు.

అప్పటినుంచి అన్న ఫోను మోగేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కలిపేదాన్ని. బాగున్నావా, తిన్నావా అన్న రెండు మాటల తర్వాత నా పాట మొదలయ్యేది. కాలనీలో ప్లాటు ఖాళీగా ఉంది, ఎప్పుడొస్తావు? పక్కూరివాళ్లు కూడా పోయారు, నువ్వొక్కడివి ఎవరికోసం? అవ్వకేం తెలుసు, దమ్ముతో ఉన్న మనిషి, ఆమె మాట పట్టుకుని ప్రాణం మీదికి తెచ్చుకుంటావా? వాడు ఊఁ కొట్టేవాడు. ఎక్కువైతే నవ్వేవాడు.

“చెల్లే, నీకు దండం. బ్లాస్టింగన్న సైరన్ ఇచ్చి పేలుతది. నీకు సైరన్ గూడ లేదు.”

“నవ్వు. రాయి నెత్తి మీద వడ్డంక నవ్వు.”

“వడితె నీకే ఫోన్ జేస్త తియ్యి. ఎండడబ్బా ఉన్నది గద.”

ఆదివారం వచ్చినప్పుడు డబ్బాను కూడా తెచ్చి, ఫ్రిజ్ పక్కన గోడకు గుచ్చేవాడు. “పొయ్యేటప్పటికి నింపుకపోత,” అనేవాడు. గోడ దొరికితే ఎండను ఎవరు నమ్ముతారు? మేమూ ఏమీ అనలేదు. ఈ లెక్కన వారం మొదట్లో ఫోను మా గోడ మీద నడిచేది. వారం చివరికి ఎండ మీద నడిచేదో, మిగిలిన గోడ మీదే నడిచేదో ఎవరూ చూడలేదు. వానాకాలం రాగానే తడుస్తుందని డబ్బాను చూరు కిందికి జరిపాడు. ఆ సంగతి నాకు ఫోనులోనే చెప్పాడు. మంచి పని చేశావన్నాను.

రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బాయిలు ఆగాయి, బస్సులు ఆగాయి, బడులు మూశారు. మా ఆయన రోజూ శిబిరానికి పోయేవాడు. రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వండుకుని తిన్నారు జనం. నేనూ కూరగాయలు తరిగాను, నినాదాలిచ్చాను, మా ఇంటి పెద్ద గిన్నె ఇచ్చి పోగొట్టుకున్నాను. ఓపెన్‌కాస్టులో యంత్రాలు ఆగిపోయాయి. పేలుళ్లు లేవు. అన్న చెలక చుట్టూ అంత నిశ్శబ్దం ఎన్నడూ లేదన్నాడు. రాత్రి కప్పలు కూడా వినబడుతున్నాయన్నాడు.

కానీ అన్న ఆదివారం ఆదివారం మా ఇంటికి రావడం ఆగింది. గని వచ్చాక మా ఊరి పాత రోడ్డు తెగిపోయి, కొత్త దారి మట్టిగుట్టల చుట్టూ తిరిగి వస్తుంది. ఆటోలు లేకుండా మోకాళ్ల నొప్పితో నడిచే దూరం కాదు. కాబట్టి మా గోడ వాడికి లేదు. ఎండ ఒక్కటే మిగిలింది. ఫోనులో వాడి మాటలు పొట్టివవుతూ వచ్చాయి. “ఛార్జింగ్ తక్కువున్నది చెల్లే, పెడ్తున్న,” అనేవాడు. ఛార్జింగ్ తక్కువగా ఉండే అన్నాడో, నా పాట వినలేక అన్నాడో అప్పుడు నేను ఆలోచించలేదు. నా పాట మాత్రం ఆపలేదు. పేలుళ్లు లేని ఈ రోజుల్లోనే సామాను సర్దుకో, సమ్మె విప్పగానే వచ్చేయ్ అని ఇంకాస్త గట్టిగా పాడాను. ముందురోజు సాయంత్రం కూడా పాడాను. ఆ సాయంత్రం వాడు నవ్వలేదు. “అవ్వను అడుగు. అవ్వ రమ్మంటే వస్త,” అని పెట్టేశాడు.

ఆ మాట అవ్వకు చెప్పాను. గోడవైపు తిరిగి పడుకుంది.

తెల్లారితే పెత్రమాస. పెద్దలకు పెట్టుకునే అమావాస్య. అవ్వ లేస్తూనే, “వాడు మీ నాయిన కాడ బువ్వ వెట్టిండో లేదో,” అంది. ఆ మాట పూర్తికాక ముందే దమ్ము అందుకుంది. పక్క క్వార్టర్ వాళ్ల జీపులో దవాఖానకు తీసుకుపోయాం. సమ్మె అయినా డాక్టర్లున్నారు, చూడాల్సింది చూశారు, ఆక్సిజన్ పెట్టారు. అవ్వ మాస్కును చేత్తో పక్కకు జరిపింది.

“వానికి ఫోన్ కలుపు. ఒక్క మాట చెప్పాలె.”

కలిపాను. మీరు డయల్ చేసిన నంబరు స్విచ్ ఆఫ్ చేయబడి ఉన్నదని ఒక ఆడగొంతు. అవ్వ చెవి దగ్గర పెట్టలేదు గానీ ఆ గొంతు ఆమెకు వినబడింది.

“ఎవలే ఆ పిల్ల? వాని ఫోన్ల ఆడిపిల్ల ఎందుకున్నది?”

ఆ క్షణంలో కూడా నాకు నవ్వొచ్చింది. “ఎవలు లేరే అవ్వా. ఫోన్ బందున్నది. మల్ల కలుపుత.”

మళ్లీ కలిపాను. అదే గొంతు. మా ఆయన స్కూటర్ తీసి చెలకకు బయల్దేరాడు. నేను కలుపుతూనే ఉన్నాను. అవ్వ కళ్లు తెరిచినప్పుడల్లా నా చేతిలోని ఫోను వంకే చూసింది.

“ఏం మాటనే అవ్వా? నాకు చెప్పు, నేను చెప్త వానికి.”

“నీకు గాదు.”

“ఎందుకు గాదే? నేను నీ బిడ్డను గానా?”

“నీకు చెప్తె లడాయి వెడ్తవ్,” అంది. మాస్కు తనే సరిచేసుకుంది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

మా ఆయనను చౌరస్తా దాటాక రోడ్డు మీద వంటలు చేస్తున్నవాళ్లు ఆపారు. తెలిసినవాళ్లే, తనతో బాయిలో పనిచేసేవాళ్లే. సంగతి చెప్పగానే పొయ్యి పక్కకు జరిపి దారి ఇచ్చారు. మట్టిగుట్ట దగ్గర మాత్రం వానకు దారి కోసుకుపోయింది. స్కూటర్ అక్కడే వదిలి బురదలో నడిచాడు. గుడిసెలో ఎవరూ లేరు. అన్న నాయిన బొంద దగ్గర ఉన్నాడు. దీపం పెట్టాడు, విస్తరిలో బువ్వ పెట్టాడు, కాకి కోసం చూస్తూ కూర్చున్నాడు.

“బావా, నడువు. అత్తకు మంచిగ లేదు,” అంటే, ఉన్నవాడు ఉన్నట్టే లేచి వచ్చాడు. ఫోను గుడిసెలోనే ఉండిపోయింది. వాళ్లిద్దరూ దవాఖాన మెట్లెక్కేసరికి అవ్వ లేదు.

అప్పుడు పుట్టింది అసలు పంచాయితీ. అవ్వను ఎక్కడ పెట్టాలి? నాయిన పక్కన చెలకలోనా, గోదావరి ఒడ్డునా? అన్న నన్ను ఒకటే అడిగాడు. “చెల్లే, ఏమన్న చెప్పిందా?”

“నీకు చెప్తనన్నది. నాకు చెప్పలే.”

నేను వాదించాను. రేపు మట్టి పోసే చోట కన్నతల్లిని పెడతామా అన్నాను. బురదలో పాడె ఎట్ల మోస్తారన్నాను. నా మాటే నెగ్గింది. గోదావరి ఒడ్డున పెట్టాం. అన్న ఒక్క ముక్క ఎదురు చెప్పలేదు. వాడు ఎదురు చెప్పకపోవడం నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు.

మర్నాడు ఎవరిదో బండి పట్టుకుని వచ్చిన చిన్నమ్మ, ఫోను సంగతి వినీ వినగానే తీర్పు చెప్పింది. అవ్వ చెప్పాలనుకున్న మాట కూడా తనకు తెలుసట. “ఆ చెలక ఇడిసిపెట్టి రా కొడుకా అని చెప్పుటానికే మా అక్క పిలిచింది. గా డబ్బా జేసింది ఇదంత.” అన్న దినాలయ్యేదాకా మా ఇంట్లోనే ఉన్నాడు. మేకలను తెలిసిన గొల్లాయన తోలుకుపోయాడు.

దినాలయ్యాక అన్నతో కలిసి చెలకకు పోయాను. డబ్బా చూరు కింద కొక్కెంతో వేలాడుతోంది. కొన్నప్పుడు ఎంత నల్లగా ఉందో అంతే నల్లగా ఉంది. ఏ లోపమూ కనబడలేదు. కొంగుతో తుడిచాను. కొంగు మీద, దోసె పెనం తుడిచినట్టు, మందంగా మసి వచ్చింది. తుడిచిన చోట అద్దం తళుక్కుమంది; తుడవని చోట అంతకుముందు అద్దమని నేననుకున్నదంతా బొగ్గుదుమ్ము. వాన చెమ్మకు అట్టకట్టి కూర్చుంది. నలుపు మీద నలుపు. ఎవరికి కనబడుతుంది? తెల్ల అంచు లాంతరైతే మొదటి వారమే మొత్తుకునేది, నన్ను తుడువు అని.

గుడిసె ముందు బండ మీద కూలబడ్డాను. చిన్నమ్మే గెలిచిందనుకున్నాను. నాకు ఓడిపోవడం చేతకాదు. ఆరోజు కొంచెంసేపు చేతనైంది.

అప్పుడు లోపల మంచం మీద అన్న ఫోను కనబడింది. పెత్రమాస పొద్దున వదిలేసింది వదిలేసినట్టే ఉంది. ఎందుకు నొక్కానో తెలియదు, బటన్ నొక్కి పట్టాను.

ఫోను వెలిగింది.

తెర తెల్లబడింది, పాట పాడింది, సిగ్నల్ పట్టుకుంది. ఆగి ఉన్నప్పుడు నేను చేసిన కాల్స్ అన్నీ ఒకటి వెనక ఒకటి మెసేజీలుగా టింగు టింగుమని దిగడం మొదలుపెట్టాయి. చూరు బయట నిలబడ్డ అన్న ఆ చప్పుడు విన్నాడు. గబగబా వచ్చి, “ఇటియ్యి,” అని నా చేతిలోంచి తీసుకుని, వెనక మూత ఊడబీకి, బ్యాటరీ ఒక జేబులో, ఫోను ఒక జేబులో వేసుకున్నాడు. ఇంకాసేపు చూద్దామన్నా లేకపోయింది.

ఇక్కడే నా వాదన మొదలవుతుంది, ఇక్కడే ఆగిపోతుంది. ఛార్జింగ్ అయిపోయి ఆగిన ఫోనైతే మళ్లీ ఎలా వెలిగింది? ఈ మాట చిన్నమ్మను అడిగాను. “ఏమో, నాకేం తెలుసు ఫోన్లు,” అంది. మా ఆయనను అడిగితే వేరే మాట చెప్పాడు. ఆగిపోయిన పాత ఫోను కొన్ని దినాలు ఊరికే పడి ఉంటే ప్రాణం కొంచెం కూడుకుంటుందట, ఒకసారి వెలిగి కాసేపట్లో మళ్లీ పోతుందట. నిజమే, మా ఇంట్లోనూ అలా జరగడం చూశాను. కాసేపట్లో పోయేదో, పోకుండా నిలిచేదో చూసే లోపలే అన్న లాక్కున్నాడు కదా.

దారిలో అడిగాను. “అన్నా, ఆ పొద్దున ఫోన్ బందయిందా, బంద్ జేసినవా?”

“ఏదైతే ఏంది చెల్లే. అవ్వ వస్తదా?”

అది జవాబు కాదు. జవాబు కాదని వాడికీ తెలుసు.

సమ్మె విప్పాక కొద్దిరోజులకే అన్న కాలనీకి వచ్చేశాడు. నేను అన్ని నెలలు పాడినా రానివాడు, ఎవరూ పిలవకుండానే వచ్చాడు. అవ్వ బతికున్నన్ని దినాలు అని కదా మాట. ఆ దినాలు అయిపోయాయి. ఏడాది తిరగకుండా చెలక మట్టికింద పోయింది, నాయిన బొంద ఇప్పుడు ఏ గుట్ట కింద ఎక్కడుందో ఎవరూ చూపించలేరు. అవ్వ గోదావరి ఒడ్డున ఒక్కతే ఉంది. నేను చెప్పిందే జరిగింది. చెప్పిందే జరిగినందుకు నాకు సంతోషంగా ఉండాలి, లేదు.

రాష్ట్రం వచ్చిన రోజు కాలనీలో టపాసులు కాల్చారు. మొదటి టపాసుకు అన్న తల వంచుకున్నాడు, అలవాటు ప్రకారం. తర్వాత వాడే నవ్వాడు. వాడింట్లో ఇప్పుడు ప్రతి గోడకూ కరెంటు ఉంది, ఫోను ఎప్పుడూ నిండుగా ఉంటుంది. నేను కలిపితే మొదటి రింగుకే ఎత్తుతాడు. ఎత్తి, నా మాట అయ్యేదాకా వింటాడు. పెట్టేస్తాననడు. పాత అన్నే నయం, మధ్యలో పెట్టేసేవాడు.

ఎండడబ్బా నా దగ్గరే ఉంది. శుభ్రంగా తుడిచి మిద్దె మీద ఎండలో పెట్టి చూశాను. గోడ తగలకుండా, వట్టి ఎండకే నిండింది. సాయంత్రం ఫోనుకు తగిలిస్తే పచ్చబుగ్గ వెలిగింది. డబ్బాలో దోషం లేదు. ఈ మాట చిన్నమ్మకు చెబితే, “ఇప్పుడు నిండి ఏం ఫాయిదా?” అంది. అందులో మాత్రం ఆమెతో వాదించలేకపోయాను.

ఇక మిగిలింది దుమ్ము. దుమ్ముదే తప్పయితే, నల్లది కొన్నది నేను, చిన్నమ్మ గెలిచినట్టు. నాకేం నామోషీ లేదు. మసి ఊళ్లో నల్లది కొనడం తప్పని ఎవరైనా అంటే వాళ్ల ఇంటి పరదాలు ఏ రంగో అడుగుతాను. కానీ దుమ్ముది కాకపోతే? ముందురోజు సాయంత్రం వాడు నవ్వకుండా పెట్టేశాడు. పెత్రమాస పొద్దున, నాయిన దగ్గర విస్తరి వేసే వేళకు, నేను తప్పకుండా మోగిస్తానని వాడికి తెలుసు. ఆ కాసేపైనా నా గొంతు వద్దనుకున్నాడా? నా కోసం ఆపిన ఫోనే అవ్వకూ ఆగిపోయిందా?

నేను ఇప్పటికీ అడుగుతాను. పండక్కి వచ్చినప్పుడు అన్నం వడ్డిస్తూ అడుగుతాను, బస్సు ఎక్కించేటప్పుడు అడుగుతాను. వాడు ప్రతిసారీ ఇంకేదో మాట అందుకుంటాడు. ఇక్కడ రాసి అడుగుతున్నాను, చదివేటప్పుడు ఇంకో మాట అందుకోవడానికి నీకు వీలుండదు కాబట్టి. అన్నా, ఆ పొద్దున నీ ఫోను దానంతట అదే బందయిందా, నేను మళ్లీ మోగిస్తానని నువ్వే బంద్ చేసినవా?